ఏడ్చేవాళ్ళు పాడరు

మా అమ్మను పాట లేకుండా పూడ్చిపెట్టారు. ఆ ఎండాకాలం సంగతి చెప్పాలంటే ముందు ఈ మాట చెప్పాలి. ఇది తెలియకపోతే మా నాయన ఎందుకట్లా అయిపోయాడో, ఎక్కడో సముద్రాల అవతలి పాటను మేమెందుకు నేర్చుకున్నామో ఎవరికీ అర్థం కాదు.

మా పల్లె బేతంచెర్ల స్టేషనుకు కోసెడు దూరం. చుట్టూ నాపబండల గనులు. ఇంటి గోడ రాయి, కప్పు రాయి, పడుకునే అరుగు రాయి, మేము మోకరించే గుడి కూడా రాయే. మాది యేసును నమ్మిన పల్లె. మావాళ్ళలో ఎవరు పోయినా పాట పాడిన తర్వాతే మట్టి వేస్తారు. పొత్తిళ్ళలో బిడ్డయినా సరే, దారిన పోతూ మా గుడి అరుగు మీద కన్నుమూసిన బిచ్చగాడైనా సరే. పాట ఎత్తుకునేది మా నాయన ఏసేపు. గనిలో సమ్మెట కొట్టే మనిషి. ఆయన కింది గొంతుతో మొదలుపెడితే సమాధుల తోటలో నిలబడ్డ గుంపంతా అందుకునేది. ఇంకో కట్టుబాటు కూడా ఉండేది. ఎవరింటి చావో ఆ ఇంటివాళ్ళు పాడకూడదు. వాళ్ళు నిలబడి వింటారు, ఏడుస్తారు. పాడడం మిగతావాళ్ళ పని.

పెద్ద యుద్ధం ముగిసిన ఏట, దసరా ముందర విషజ్వరాలు వచ్చాయి. అప్పటికే వాన లేదు, తిండి లేదు. జ్వరం ఇంటింటికీ వచ్చి పడుకుంది. శవాలను బండి మీద తెచ్చి దించి, లేచి నిలబడగలిగిన ఇద్దరు ముగ్గురు మట్టి తోసి పోయేవాళ్ళు. పాడడానికి ఎవరికి ఊపిరుంది? అమ్మ పోయిన రోజు నాయన ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. నేనూ మా చెల్లెలు జ్ఞానమణీ ఒకే బొంతలో పడి ఉన్నాం. అమ్మ లేదని నాకు తెలిసేటప్పటికి ఆమె మీద వేసిన మట్టి ఎండి బీటలు కూడా వారింది.

నాయన లేచి తిరగ్గలిగిన మొదటి రోజే కట్టె పట్టుకుని సమాధుల తోటకు పోయి వచ్చాడు. వచ్చి గడపలో కూర్చుని ఒకటే మాట అడిగాడు.

"మీయమ్మకు ఎవురు పాడినారు?"

"ఎవురూ పాడలే, నాయనా," అన్నాను.

ఆ పైన ఆయన నోట పాట రాలేదు. గుడికి వచ్చేవాడు, వెనక గోడకు ఆనుకుని కూర్చునేవాడు, అందరూ పాడుతుంటే తన అరచేతులు చూసుకునేవాడు. ఆయన ఎత్తుకోకపోతే గుడిలో పాట కుంటుకుంటూ నడిచేది. నాకు ఒళ్ళు మండిపోయేది. అప్పుడు నాకు పదిహేడేళ్ళు. కోపం వస్తే దాచుకోవడం చేతకాదు. ఇప్పటికీ చేతకాదని మనవరాళ్ళు అంటుంటారు, అననీ.

జ్వరం తగ్గినా నా చెవుల్లో హోరు పోలేదు. మనుషులు మాట్లాడుతుంటే బావి అడుగు నుంచి వినపడినట్టుండేది. జుట్టు ఊడి తల గుడ్డ కట్టుకుని తిరిగేదాన్ని. పొద్దున గనిలో సమ్మెట దెబ్బలు మొదలైతే నిద్రలోనే వినేదాన్ని, లేచానో లేవలేదో తెలిసేది కాదు. వాకిట్లోకి వస్తే బండల మీద వెలుతురు, దాని మీద తెల్లటి దుమ్ము, ఆ దుమ్ములోంచి ఎవరో నడిచి వస్తూ ఉండేవాళ్ళు. వస్తున్నది అమ్మే అనుకుని చాలాసార్లు నిలబడి చూశాను. దగ్గరికి వచ్చేసరికి ఇంకెవరో అయ్యేది.

మిస్సమ్మ వచ్చింది ఆ రోజుల్లోనే. మందులిచ్చే దొరసాని. గుడి పక్క గదిలో దిగింది. పొడుగాటి మనిషి, ఎండకు ముక్కు కాలి పొట్టు రేగి ఉండేది. ఆమెకూ ఆ జ్వరమే తగిలి గొంతు పోయింది. మాట గరగరమని వచ్చేది, పాట అసలు రాదు. తెలుగు మాత్రం పుస్తకాల తెలుగు. వచ్చిన రోజే గనిలో రాళ్ళు మోసే గంగక్కను ఆపి, "ఓ స్త్రీ, నీ కుండలోని నీళ్ళు కొంచెము నాకు పోయుము" అన్నదట. గంగక్క నీళ్ళు పోసి, ఆ మాటను వారం రోజులు ఊరంతా పంచిపెట్టింది. గంగక్కది మా గుడి కాదు, ఆమె మారెమ్మకు మొక్కేది. ఆమె మొగుడు లక్ష్మన్న కూడా ఆ జ్వరంలోనే పోయాడు. అయినా నవ్వడం మానలేదు. ఆమెను చూస్తే నాకు ఆశ్చర్యమూ వేసేది, ఒక్కోసారి కోపమూ వచ్చేది.

ఒక మాపటేళ మిస్సమ్మ గది ముందర కదులుతున్న బండ సరిచేయడానికి నాయన పోయాడు. పలుగు అందించడానికి నేనూ పోయాను. లోపల మిస్సమ్మ తన మడత హార్మోనియం ముందు కూర్చుని ఏదో వాయిస్తోంది. పెద్ద చప్పుడు లేదు. నిదానంగా, ఒక్కో మెట్టూ దిగుతూ పోయే పాట. నాయన పలుగు పక్కన పెట్టాడు.

"ఇదేం పాట మిస్సమ్మా? శానా పల్చగుండాది."

మిస్సమ్మ వెనక్కి తిరిగింది. ఆమె ఒళ్ళో అంచులు చిరిగిన పెద్ద పుస్తకం ఉంది.

"ఏసేపూ, ఇది మూడు వందల ఏండ్ల క్రిందటిది. జర్మనీ దేశమున యుద్ధము వచ్చెను, ఎంతకాలమైనను ఆగలేదు. దాని వెంట కరవు వచ్చెను, తెగులు వచ్చెను. గుడులలో పాడువారు చచ్చిరి. అంతకు మునుపు గొప్ప గుంపులకు పాటలు కట్టినవాడొకడు అప్పుడు మిగిలినవారి కొరకు కట్టెను. నలుగురికి, ముగ్గురికి, ఇద్దరికి, ఒకనికి."

"మిగిలినోళ్ళ కోసరమా?"

"మిగిలినవారి కొరకే."

"నలుగురే పాడితే గుడి బోసిగుండదా?"

మిస్సమ్మ పుస్తకం మీద చెయ్యి పెట్టింది. "ఉండును. కొద్దిమందియే యున్నామని దాచుకొనక పాడుదురు. ఆ పాట అట్లే కట్టబడినది."

 నాయన బండ కింద మట్టి సర్ది, దాని మీద నిలబడి రెండు కాళ్ళతో అదిమి చూసి, పలుగు భుజాన వేసుకున్నాడు. ఇంటికి వచ్చి సంగటి తింటూ తల ఎత్తకుండా అన్నాడు.

"రేపు మాపటేళ మీరిద్దురూ గుడికాడికి రాండి. సుందరానికి నేను చెప్తా."

సుందరం మా ఉపదేశి, గుడిలో వాక్యం చెప్పి బడి నడిపేవాడు. సన్నటి మనిషి, బడిపిల్లల్ని కూడా 'మీరు' అనేంత మెత్తన. ఆయన భార్య కృపమణి సమాధి మా అమ్మ సమాధికి రెండు వరసల అవతల. పాట జర్మనీ దేశానిదని విని ఆయన తెల్లబోయాడు.

"మొన్నటిదంకా వాళ్ళు ఓడిపోవాలని మాతో ప్రార్థన చేయిస్తిరి గదా దొరసానీ."

"ఈ పాట వాళ్ళ ముత్తాతల కన్న ముందటిది," అంది మిస్సమ్మ. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

ఎండాకాలం గనిపని తెల్లవారుజామున మొదలై ఎండ ముదిరేలోగా ముగిసేది. మాపటేళ గుడిలో చల్లగా ఉండేది. పై గొంతు జ్ఞానమణిది, రెండో గొంతు నాది, నడిమి గొంతు సుందరానిది, కింది గొంతు నాయనది. మాటలు సుందరమే తెలుగులో కట్టాడు. "మరువకయ్యా, మట్టిలోని మావారిని మరువకయ్యా." అంతే, దాన్నే తిప్పి తిప్పి పాడాలి.

మాకు తెలిసిన పాటలన్నీ ఒకరు ఎత్తుకుంటే అందరూ కలిసి అందుకునేవి. ఇది అట్లా కాదు. ఒకరు మొదలుపెట్టి కొంత దూరం పోయాక ఇంకొకరు అదే దారిన బయలుదేరాలి, వాళ్ళ వెనక మూడోవాళ్ళు. ఎవరు ఎప్పుడు బయలుదేరాలో తెలియక రోజూ గుద్దుకునేవాళ్ళం. మిస్సమ్మ వేళ్ళు మడిచి లెక్కపెట్టి చూపేది. సుందరం కళ్ళు మూసుకుని లెక్కపెడుతూ పాడడం మరిచిపోయేవాడు. చివరికి నాయనే దారి కనిపెట్టాడు.

"ఇది రాయి పగలదీసినట్లే పాపా," అన్నాడు నాతో. "ఇనుప చీలలు వరసన దిగేస్తాం. ఒక్కదాన్నే దంచితే రాయి చెడిపోతాది. దీనికో దెబ్బ, దానికో దెబ్బ, అట్లా పోతా ఉండాల. పక్కోని దెబ్బ ఇనపడినాకనే నీ దెబ్బ."

ఆ మర్నాటి నుంచి లెక్కలు మానేసి ఒకరినొకరు వినడం మొదలుపెట్టాం. పాట కదిలింది.

మధ్యలో ఒక చోటుంది. అక్కడ జ్ఞానమణి పైన ఒక స్వరం పట్టుకుని నిలిచి ఉంటుంది, నేను కింది నుంచి వచ్చి దానికి మరీ దగ్గరగా ఆనుకోవాలి. రెండూ ఒరుసుకుంటాయి. చెవికి పుండు మీద గుడ్డ తగిలినట్టుండేది. నేను ప్రతిసారీ పక్కకు జరిగేదాన్ని.

"రాహేలూ, పారిపోవద్దు," అనేది మిస్సమ్మ. "అచ్చటనే నిలువుము. తరువాత నీ చెల్లెలు దిగును."

ఒక రోజు నిలిచాను. జ్ఞానమణి గొంతు నా గొంతును రాసుకుంటూ ఆగింది, ఆగింది, ఆ తర్వాత మెల్లగా దిగింది. ఆ దిగినప్పుడు నా చెవుల్లో హోరు ఒక్కసారిగా పోయింది. గుడి కప్పు మీద పావురాలు మెసలడం వినపడింది, దూరాన రైలు వినపడింది, నాయన ఊపిరి వినపడింది. నేను బండ మీద కూర్చుండిపోయాను.  కాసేపటికి హోరు మళ్ళీ వచ్చింది. అయినా ఆ రోజు నుంచి మాపటేళ ఎప్పుడవుతుందా అని కాచుకుని ఉండేదాన్ని.

గుడి బయట నేను నిలబడే వైపు గోడ నీడన గంగక్క కూర్చునేది. పని ముగించుకుని, కుండ పక్కన పెట్టుకుని, కాళ్ళు చాపుకుని మేము ముగించేదాకా ఉండేది.

"ఏం పాట మే ఇది," అంది ఒక రోజు నాతో. "ఒకరెనకాల ఒకరు పోతానే ఉండారు. కలిసేదెప్పుడు?"

"ఆఖర్న కలుస్తాం గంగక్కా."

"అంతసేపు ఎవురు కాసుకోనుంటారు?"

"నువ్వు దినామూ ఉంటాండావు గదా."

"నేను నీడకొస్తాండా తల్లీ, నీ పాటకెవురొచ్చినారు," అని కుండ ఎత్తుకుని పోయింది.

ఈస్టరు నాడు తెల్లవారుజామున సమాధుల తోటకు పోవడం మా ఆనవాయితీ. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి సూర్యుడు లేచేదాకా పాడతారు. ఆ పొద్దు మా అమ్మ జీవమ్మ సమాధి దగ్గర ఈ పాట పాడాలని మిస్సమ్మ ముందే అనుకుంది. కట్టుబాటు సంగతి మరిచి, నాయనా అందుకే నేర్చుకుంటున్నాడని నేననుకున్నాను. ఆయన నోరు విప్పి చెప్పలేదు గానీ, ఆయన మొహంలోకి కొంచెం నెత్తురు రావడం చూస్తూనే ఉన్నాను.

ఈస్టరు దగ్గర పడుతుండగా ఒక మాపటేళ బొజ్జన్న గుడిలోకి వచ్చాడు. గనిలో నాయనకు జోడీగా సమ్మెట కొట్టేవాడు, మా సంఘం పెద్ద కూడా. తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు దావీదు జ్వరాల్లో పోయాడు.

"ఏసేపూ, మావోనికి గూడ పాట లేకపాయె గదప్పా."

నాయన లేచి ఆయన భుజం పట్టుకున్నాడు. "వానికి పాడకుండా ఎట్లుంటామప్పా. మొదట వానికే పాడతాం."

ఆ మాట బయటికి పోయింది. మర్నాడు ఇద్దరు వచ్చారు, ఆ తర్వాత ఇంకొందరు. ఎవరినీ కాదనలేదు నాయన. ఆ జ్వరాల్లో పాట లేకుండా పోయినవాళ్ళందరికీ పాడాలని తీర్మానమైంది. అందరూ సంతోషంగా మాట్లాడుకుంటున్నారు. నాకు మాత్రం అప్పుడు ఆ కట్టుబాటు గుర్తొచ్చింది.

"అందరికీ సరే. అమ్మకు ఎవురు పాడేది?" అన్నాను.

 మిస్సమ్మ నా వైపూ నాయన వైపూ చూసింది. "జీవమ్మకు నలుగురును పాడుదురు గదా?"

"పాడకూడదు మిస్సమ్మా," అన్నాడు నాయన. "చావింటోళ్ళు పాడరాదు. మేం ముగ్గురం ఆ ఇంటోళ్ళమే."

మిస్సమ్మకు ఆ కట్టుబాటు తెలియదు. సుందరం నిదానంగా విడమరిచి చెప్పాడు. ఆమె చివరిదాకా విన్నది. తర్వాత పుస్తకాన్ని వెనక్కి తిప్పుతూ పోయింది. ముగ్గురు పాడేవి దాటి, ఇద్దరు పాడేవి దాటి, మొదటి పేజీల దగ్గర ఆగింది.

"ఒక్కడే పాడుటకు కూడ ఇందులో ఉన్నది," అంది సుందరాన్ని చూస్తూ.

సుందరం మొహం పాలిపోయింది. "నేనొక్కన్నేనా దొరసానీ? ఏసేపన్న గొంతు పక్కన లేకుండా నేనెప్పుడూ పాడలే."

"నేర్చుకో సుందరం," అన్నాడు నాయన. "నీకు దండం పెడతా, నేర్చుకో."

మా నాయన ఎవరినీ అట్లా బతిమాలడం నేను అంతకు ముందు చూడలేదు. ఇంటికి వచ్చేదాకా ఉగ్గబట్టుకుని, సంగటి ముద్ద ఆయన ముందు పెట్టి అడిగేశాను.

"ఆ కట్టుబాటు ఎవురు పెట్టినారు నాయనా?"

"నాకు తెల్దు. మా నాయనకు గూడ తెల్దు."

"తెలియని దానికోసరం అమ్మకు పాట లేకుండా చేస్తావా? సుందరం పంతులు ఒక్కడే నిలబడి పాడగలడా? గాలొస్తే పడిపోతాడు ఆయప్ప. నువ్వు పాడితే ఈ ఊర్లో నిన్ను కాదనేటోడు ఎవుడుండాడు?"

జ్ఞానమణి నా చెయ్యి గిల్లింది, ఊరుకోమని. నేను ఊరుకోలేదు. "ఆమెకు నీ మీద ఎంత ఆశుండేదో తెలుసా నీకు?" అన్నాను.

నాయనకు కోపం రాలేదు. ముద్ద పక్కకు పెట్టాడు.

"పాడేటోడు ఏడ్సలేడు పాపా. ఊపిరి పట్టుకోవాల, పక్కోళ్ళ గొంతు ఇనుకోవాల, ఆఖరుదంకా కాళ్ళ మీద నిలబడాల. ఏడ్సేటోడు ఇయ్యేవీ చెయ్యలేడు. నేను ఈ ఊర్లో శానామందికి పాడినా. మా అన్నదమ్ముల్లాంటోళ్ళకు పాడినా. పాడతా ఉండి ఒక్కరికీ ఏడ్సలేకపోయినా. మీయమ్మకు గూడ అట్లే పాడేసి ఇంటికొస్తే, ఇంగ నేను ఎప్పుడేడ్సేది?"

 ఆలోచిస్తే అమ్మ పోయినప్పటి నుంచి మా ఇంట్లో ఎవరూ ఏడవలేదు. తెలిసిన రోజు ఏడవడానికి ఒంట్లో తడి కూడా లేదు. తర్వాత ఏడుద్దామంటే పాట లేదు. జ్ఞానమణి రాత్రిళ్ళు పళ్ళు నూరేది, నేను పగలు అందరితో పోట్లాడేదాన్ని, నాయన అరచేతులు చూసుకునేవాడు. మేం ముగ్గురం ఒకే దానికోసం ఎదురుచూస్తున్నామని నాకు అప్పుడు తెలిసింది.

ఈస్టరు వచ్చింది. ఇంకా మసక వెలుతురు ఉండగానే బయలుదేరాం. హార్మోనియం మడిచి బొజ్జన్న నెత్తిన పెట్టుకున్నాడు. తోటలో కొత్త సున్నం వాసన. కొవ్వొత్తుల వెలుగులో మనుషులు మెల్లగా, మాట లేకుండా తిరుగుతున్నారు. ఎవరు బతికినవాళ్ళో ఎవరు పోయినవాళ్ళో అన్నట్టుంది. నాకు భయం వేయలేదు. జ్వరంలో కన్న కలల్లో ఈ తోట చాలాసార్లు చూశాను.

మొదట దావీదు. మిస్సమ్మ ఒక బండ మీద కూర్చుని పెట్టె తెరిచింది. నలుగురం పాడాం. బొజ్జన్న తలగుడ్డ తీసి, కొండలాంటి మనిషి, చేతులు వేలాడేసి నిలబడి విన్నాడు. పాట నడిమికి వచ్చేసరికి ఆయన భుజాలు కదలడం మొదలైంది. ఆయన పెళ్ళాం ఆయన చొక్కా పట్టుకుని ఏడ్చింది. మేము ఆగలేదు. ముగించి, పక్క సమాధికి పోయాం. అక్కడ మళ్ళీ అదే పాట. మేము ఎక్కడికి పోతే పాట దొరికినవాళ్ళు మా వెనకే అక్కడికి వచ్చారు. గుంపు పెరిగింది. పాడీ పాడీ నాకు ఆ పాట నేను పాడుతున్నట్టు లేదు, అది ముందుగానే తోటలో ఉన్నట్టు, మేము ఒక్కో సమాధి దగ్గర దాన్ని తాకి వస్తున్నట్టు అనిపించింది.

తూర్పున తెల్లబడుతుండగా తోట గోడ అవతలి నుంచి గంగక్క పిలిచింది.

"ఏసేపన్నా, మా ఇంటాయప్ప ఆ వంకకాడ ఉండాడు. ఆయప్పకు తప్పెట గూడ కొట్టలే ఎవురూ. ఆడికి రాకూడదా?"

సుందరం మిస్సమ్మ వైపు చూశాడు. గోడ అవతలిది మా నేల కాదు. మిస్సమ్మ ఏమనుకుందో తెలియదు, ఆమె నోరు తెరిచేలోగా నాయన గోడ మీద కాలు వేసి అటు దిగాడు. బొజ్జన్న పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. మిస్సమ్మ గౌను ఎత్తి పట్టుకుని గోడ దాటింది.

వంక ఒడ్డున రాళ్ళు పేర్చిన చిన్న దిబ్బ. అక్కడ పాడాం. మా కట్టుబాటు గంగక్కకు ఎవరూ చెప్పలేదు. అయినా ఆమె నోరు కొంగుతో మూసుకుని, పెదవి కదపకుండా నిలబడింది. నవ్వే ఆ మనిషి ఏడవడం ఊర్లో ఎవరూ అంతవరకు చూడలేదు.

తిరిగి వచ్చి కృపమణి దగ్గర ఆగాం. సుందరం ఆ ఇంటివాడు, అందుకని మిస్సమ్మ మాకు ముందే నేర్పిన ముగ్గురి పేజీ తీసింది. నాయనా, నేనూ, చెల్లెలూ పాడాం. సుందరం మొదట నిటారుగా నిలబడ్డాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలి, సున్నం కొట్టిన రాయికి నుదురు ఆనించి ఏడ్చాడు. మేము ముగించినా ఆయన ముగించలేదు. ఎంతసేపైనా ఎవరూ ఆయన్ను లేపలేదు.

చివరిది అమ్మది. సూర్యుడు బండల మీదికి వచ్చేశాడు. మేం ముగ్గురం సమాధి తలవైపు నిలబడ్డాం. సుందరం కళ్ళు తుడుచుకుని కాళ్ళవైపు వచ్చాడు. మిస్సమ్మ మొదటి పేజీ తీసి, పాటకు ముందు వచ్చే నాలుగు స్వరాలు వాయించింది. సుందరం నోరు తెరిచాడు. గాలి వచ్చింది, గొంతు రాలేదు. ఆమె మళ్ళీ వాయించింది. మళ్ళీ అంతే.

"నా చేత కాలేదు ఏసేపన్నా," అన్నాడు. "మన్నించు."

నాయన తల ఊపాడు. పర్వాలేదన్నట్టు ఊపాడు గానీ, ఆయన కళ్ళు ఆ మట్టి మీద నుంచి లేవలేదు.  ఊరందరికీ పాట పెట్టి, మా అమ్మ రెండోసారి కూడా పాట లేకుండానే ఉండిపోతుందని అనుకున్నాను. ఇక కట్టుబాటు గిట్టుబాటు నాకు పట్టదు, నేనే ఎత్తుకుంటాను అని ఊపిరి లాక్కున్నాను.

అప్పుడు వెనక నుంచి ఒక గొంతు వచ్చింది. "మరువకయ్యా."

గంగక్క. పేజీలో ఉన్నది కాదు, మేము పొద్దుటి నుంచి పాడుతున్నదే. అందులోనూ నేను పాడే రెండో గొంతు. గోడకు నా వైపు కూర్చుని ఇన్నాళ్ళూ విన్నది దాన్నే. రాళ్ళు మోసి బండబారిన గొంతుతో, ఒక్కతే, మట్టిలోని మావారిని మరువకయ్యా అని పాడుకుంటూ ముందుకు వచ్చింది. మిస్సమ్మ చేతులు ఒక క్షణం ఆగి, ఆమెను వెతుక్కుని, ఆమె వెంట నడిచాయి. ఆమె కొంత దూరం పోయాక బొజ్జన్న కింది గొంతు అందుకుని నాయన దారిన బయలుదేరాడు. తప్పుగా బయలుదేరాడు, ఆగాడు, గంగక్కను విని మళ్ళీ బయలుదేరాడు. పాట దొరికినవాళ్ళంతా ఎవరికి ఏది పట్టుబడితే అది అందుకున్నారు.

పై గొంతు ఎవరికీ అందలేదు. ఆ ఒరుసుకునే చోటు దగ్గర పడుతోంది, గంగక్క ఒక్కతే అక్కడికి పోతోంది. జ్ఞానమణి తట్టుకోలేక నోరు తెరిచింది. నాయన దాని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు గాదు పాపా," అన్నాడు.

సుందరం తల ఎత్తాడు. ఆ పై స్వరాన్ని తన గొంతుకు అందేంత కిందికి దించుకుని పట్టుకున్నాడు. గంగక్క దానికి ఆనుకుంది, పారిపోలేదు. రెండూ చాలాసేపు ఒరుసుకుని నిలిచాయి. సుందరం దిగాడు.

 అమ్మ అని అరిచినట్టున్నాను. జ్ఞానమణి నన్ను పట్టుకుంది, నేను దాన్ని పట్టుకున్నాను. నాయన తలగుడ్డ తీసి, మట్టిలో కూర్చుని, రెండు చేతులూ అమ్మ మీద పెట్టి ఏడ్చాడు. అంత పెద్ద గొంతు ఏడిస్తే ఎట్లుంటుందో మాకెవరికీ తెలియదు. పాడేవాళ్ళు పాడుతూనే ఉన్నారు, ఆయన ఏడుస్తూనే ఉన్నాడు, ఎవరూ ఎవరి కోసమూ ఆగలేదు.

పాట అయిపోయింది. ఎవరూ కదలలేదు. నాయన తల ఎత్తకుండా, చావింటివాళ్ళు అడిగేటంత చిన్న గొంతుతో అడిగాడు.

"ఇంగొకసారి పాడండప్పా."

గంగక్క కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది.